గరిజెల జాబితాలో లేని పేరు

"వన్ మోర్," అన్నాడు పృథ్వీరాజ్, అద్దం అవతల నుంచి.

మనోజ హెడ్‌ఫోన్స్ తీసి మెడలో వేసుకుంది. "ఎనిమిదోసారండీ! ఇప్పుడేమైంది?"

"హీరోయిన్ నోరు మూసేశాక కూడా మీరు కోప్పడుతున్నారు."

"ఆ కోపం డైలాగుది కాదు. మీ మీద."

"తెలుస్తోంది. అందుకే అంత సహజంగా వచ్చింది. కాకపోతే అర సెకను ఎక్కువైంది."

పక్కనే స్క్రిప్టు పట్టుకుని కూర్చున్న అసిస్టెంట్ డైరెక్టర్ భావన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఫిల్మ్‌నగర్‌లోని ఆ చిన్న డబ్బింగ్ థియేటర్లో ఐదేళ్ళుగా ఇదే తంతు. తెలుగు రాని హీరోయిన్లకు మనోజ గొంతు ఇస్తుంది. దాన్ని రికార్డు చేసే సౌండ్ ఇంజనీర్ పృథ్వీరాజ్. తణుకు మనిషి. నెమ్మదిగా మాట్లాడతాడు, నెమ్మదిగానే ఎదుటివాళ్ళను ఉడికిస్తాడు. మోతీనగర్‌లో పుట్టి పెరిగిన మనోజ ఇంట్లో మాట్లాడే తీరు వేరు. స్టూడియో గుమ్మం దగ్గర దాన్ని చెప్పులతో పాటు విడిచి, సినిమా భాషలో లోపలికి వస్తుంది. పృథ్వి ముందైతే మరీ జాగ్రత్తగా.

తొమ్మిదోసారికి ఓకే అయింది.

ఆ రోజు డిసెంబర్ ముప్పై ఒకటి. ఏటా ఆ రోజున మనోజకు ఒక పని ఉంటుంది. తనకు మేలు చేసినవాళ్ళ పేర్లు నోట్‌బుక్‌లో రాసుకుని, తల్లి దేవమ్మ చేసిన, కజ్జికాయల్లాంటి గరిజెలు డబ్బాల్లో సర్ది, ఒక్కొక్కరికీ చేతికిచ్చి వస్తుంది. "బువ్వ పెట్టినోళ్ళను యాది మరిచి కొత్త సంవత్సరంల కాలు పెట్టొద్దు బిడ్డా," అంటుంది దేవమ్మ.

ఈ ఏడు డబ్బాలు ఎక్కువే. మొదటిసారి తెర మీద ఆమె పేరు విడిగా పడింది: కథానాయిక గాత్రం, మనోజ. ఆ కార్డు చదవడానికి తండ్రి వెంకటనర్సయ్య ఒకే సినిమాకు మూడుసార్లు వెళ్ళాడు. మొదటి రెండుసార్లూ కళ్ళనిండా నీళ్ళే, అక్షరాలు కనబడలేదట.

భావన చేతిలో ఒక డబ్బా పెట్టి మనోజ సంచి సర్దుకుంటుంటే పృథ్వి తొంగి చూశాడు. "నాకు లేవా?"

"రోజంతా ఊరికే పని చేయించుకున్నవాళ్ళకి మా ఇంట్లో గరిజెలు పెట్టరండీ."

అది ఐదేళ్ళనాటి కక్ష. అప్పట్లో మనోజ గుంపులో గొంతు కలిపే అమ్మాయి. ఆ రోజు ఆమె చెప్పాల్సింది నర్సు మాట ఒక్కటే: "పేషెంట్‌కి విశ్రాంతి కావాలి." అది చెప్పి వెళ్ళబోతుంటే పృథ్వి ఆపి, హీరోయిన్ డైలాగులన్నీ మొదటి నుంచి చివరిదాకా చదివించాడు. పైలట్ ట్రాక్ అన్నాడు. అసలు గొంతు దొరికేదాకా ఎడిటింగ్‌లో పెట్టుకునే తాత్కాలిక గొంతు. పొద్దున తిన్న ఉప్మా మీద సాయంత్రం దాకా చదివింది. చివర్లో థాంక్స్ అని చెప్పి ఒక టీ ఇప్పించాడు.

"పోన్లెండి," అన్నాడతను, వైరు చుట్టచుడుతూ. "వచ్చే ఏడాది అడగడానికి నేనుండను. సాయంత్రం ఫ్లైట్. ముంబైలో జాయినవుతున్నాను."

"ఓహో. కంగ్రాట్స్," అంది మనోజ. ఉచ్చారణలో ఎక్కడా తేడా లేదు. బయటికొచ్చి చెప్పులు వేసుకుంటే మాత్రం కుడిది ఎడమ కాలికి వెళ్ళింది.

వెళ్ళిపోయేవాళ్ళు ఆ కబురు ఎప్పుడూ అంత తేలిగ్గానే చెబుతారు, పక్కవీధికి వెళ్ళొస్తానన్నట్టు. వినేవాళ్ళకు బరువు ఆ తర్వాత తెలుస్తుంది. మనోజకు అది ఆటోలో, జూబ్లీ హిల్స్ ఎత్తు ఎక్కుతుంటే తెలిసింది.

దర్శకుడు రాఘవేంద్ర ఇంట్లో ఆమెకు పెద్ద పీటే. ఆయన డబ్బా మూత తీసి అప్పుడే ఒక గరిజె కొరికాడు.

"సార్, ఈ ఏడు నా పేరు తెర మీద పడింది. ఐదేళ్ళ కిందట మీ సినిమా వాయిస్ టెస్ట్‌లో మీరు నన్ను ఓకే చెయ్యకపోతే..."

"ఆగమ్మా." ఆయన నమలడం మానేశాడు. "ఐదేళ్ళుగా నీ గరిజెలు సిగ్గు లేకుండా తింటున్నాను. పృథ్వి ఎలాగూ వెళ్ళిపోతున్నాడట, ఇక చెప్పేస్తాను. ఆ టెస్ట్‌లో నిన్ను వద్దన్నాను."

"వద్దన్నారా? రెండు నెలల తర్వాత కబురు పెట్టారుగా సార్?"

"ఆ రెండు నెలలూ ఎడిటింగ్‌లో పృథ్వి పెట్టిన పైలట్ ట్రాకే విన్నాను. ఎవరిదో కూడా అడగలేదు. తర్వాత ఒక పేరున్న ఆర్టిస్టును పిలిచి చెప్పిస్తే, నా హీరోయిన్ నాకే పరాయి మనిషిలా కనిపించింది. అప్పుడు అడిగాను, ఆ పైలట్ ఎవరిదయ్యా అని. 'మీరు వద్దన్న అమ్మాయిదే సార్' అన్నాడు. నా మొహం మీదే!"

"మరి నాకెవరూ చెప్పలేదే?"

"చెప్పొద్దని మాట తీసుకున్నాడు. 'ఒకసారి వద్దన్నారని తెలిస్తే మైకు ముందు ఆ భయం ఉండిపోతుంది సార్, ఆ గొంతుకు భయం తెలియకూడదు' అన్నాడు."

మనోజ ఏం చెప్పి లేచిందో, గేటు ఎప్పుడు దాటిందో ఆమెకు గుర్తు లేదు.

తిరుగు దారిలో ఆటో చెక్‌పోస్ట్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగిపోయింది. ఎదురుగా నాలుగంతస్తుల ఎత్తున ఒక హీరోయిన్ హోర్డింగ్. ఆ నోట్లోంచి వచ్చేది తన గొంతే. చీకటి హాల్లో ఆ గొంతుకు వందలమంది నవ్వారు, ఏడ్చారు. ఇంటికి కొత్త పైకప్పు, తమ్ముడి చదువు, నాన్న కళ్ళల్లో ఆ నీళ్ళు, అన్నీ ఆ ఒక్క పూట నుంచి మొదలయ్యాయి. ఏ పూటనైతే తిట్టుకుంటూ గడిపిందో, సరిగ్గా ఆ పూట నుంచే. తన బతుకు మొత్తం ఒక మనిషి చేతుల మీదుగా ఇటు తిరిగింది. ఆ మనిషి ఆమె ఎగతాళిని ఐదేళ్ళు నవ్వుతూ విన్నాడు, ఒక్కసారైనా నోరు విప్పలేదు.

గుళ్ళో గంట మోగినప్పుడు చేతులు వాటంతటవే లేచినట్టు, ఆటోలో కూర్చునే రెండు చేతులూ జోడించింది. ఎవరికో కూడా అనుకోలేదు.

తర్వాత గడియారం చూసి దిగి, నడిచింది. నడక కాస్తా పరుగైంది.

థియేటర్లో పృథ్వి ఒక్కడే ఉన్నాడు. పెట్టె జిప్పు లాగుతున్నాడు.

"ఏంటి మనోజ గారూ, ఏమైనా మర్చిపోయారా?"

"వాయిస్ టెస్ట్ సంగతి సార్ చెప్పారు."

అతని చెయ్యి జిప్పు మీదే ఆగింది. "చెప్పొద్దన్నానే."

"ఎందుకు చేశారు?"

"పని కోసమే." తల దించుకున్నాడు. తర్వాత ఎత్తాడు. "కాదు, అబద్ధం. పైలట్ ఎప్పుడూ నా గొంతుతోనే పెట్టేవాణ్ణి. హీరోయిన్ నోట్లో నా గొంతు విని ఎడిటర్ పడిపడి నవ్వేవాడు. ఆ రోజు మీరు నర్సు మాట ఒక్కటి చెప్పి వెళ్ళిపోతుంటే, ఇంకాసేపు వినాలనిపించింది. ఆ కాసేపు కోసం సినిమా మొత్తం చదివించాను."

మనోజ నోరు తెరిచింది. విమానాశ్రయాల్లో, రైల్వే స్టేషన్లలో, వానల్లో ఎందరు హీరోయిన్లకో వీడ్కోలు మాటలు చెప్పిన గొంతు. ఇప్పుడు ఒక్క మాటా పలకలేదు. చెప్పిన డైలాగులన్నీ వెతుక్కుంది. ఏదీ సరిపోలేదు. లోపల్నుంచి ఇంటి మాటే తన్నుకొచ్చింది.

"నువ్ పోకు," అంది. "గంతే. గీ ఐదేండ్లల్ల మంది కోసం ఎన్నో మాటలు చెప్పిన. నా కోసం ఒక్కటి చెప్పొస్తలేదు. నువ్ పోతే గా అద్దం అవతల ఎవర్ని చూసి కోపం చెయ్యాలె నేను?"

పృథ్వి జిప్పు మీది చెయ్యి తీసేశాడు. ఆ గొంతులో ప్రతి ఊపిరీ తనకు తెలుసనుకున్న మనిషి. ఈ గొంతును మాత్రం మొదటిసారి వింటున్నాడు.

"ఇంత అందమైనదాన్ని ఐదేళ్ళు దాచారా?" అన్నాడు చివరికి.

"నువ్ దాయలేదా?"

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. నవ్వుతుంటే మనోజ కళ్ళు కారిపోయాయి.

"మరి ముంబై?" అంది తుడుచుకుంటూ.

"ఇక్కడి ఓనర్ గారు ఉండిపొమ్మని నెలరోజులుగా అడుగుతున్నారు. నేనే జవాబు చెప్పలేదు."

"ఎందుకు?"

"ఆయన అడిగితే ఉండాలనిపించలేదు."

బయట ఎయిర్‌పోర్ట్‌కని పిలిచిన క్యాబ్ హారన్ గట్టిగా మోగింది. పృథ్వి ఒక చేత్తో పెట్టె పట్టుకుని, రెండో చెయ్యి ఆమె వైపు చాపాడు. మనోజ పట్టుకుంది. ఇద్దరూ వెళ్ళి వెనక సీట్లో కూర్చున్నారు.

"ఎయిర్‌పోర్ట్ కదా సార్? జల్ది పోవాలె, న్యూ ఇయర్ రష్షు," అన్నాడు క్యాబ్ డ్రైవర్ భిక్షం.

"కాదు. మోతీనగర్ పోనివ్వండి," అన్నాడు పృథ్వి.

"మోతీనగరా? పెట్టె గిట్ల పట్టుకొని గాడికెందుకు సార్?"

పృథ్వి గొంతు సవరించుకున్నాడు. "వీళ్ళ నాన్నగారితో మాట్లాడాలి."

భిక్షం అద్దంలోంచి ఇద్దరినీ చూశాడు. కలిసి ఉన్న చేతుల్నీ చూశాడు. బండిని మెల్లగా రోడ్డెక్కించాడు.

"గట్లనా! అయితే జర నిమ్మళంగ తోల్త సార్. ఏం మాట్లాడాల్నో గాడికి పొయ్యేదాంక మంచిగ సోంచాయించుకోండ్రి."