వాసిమాల

రోహిణి కట్టు మార్చి చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆ పని ఆమె మాలలో పూసై కూర్చుంది. మణికట్టు మీది పలుచని పలకలో చిన్న వెలుగు మెరిసి ఆరిపోయింది. చూసుకుంది. వెలుగుపూసే. పక్క మంచం దగ్గరికి నడిచింది.

నర్సింగులో పైచదువు చదివే పిల్లలకు ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. చేసిన పనుల గురించి తామే రాసుకుని, పెద్దల చేత సంతకాలు పెట్టించుకుని, సర్టిఫికెట్లు జతచేసి ఫైలు కట్టుకునేవారు. ఉద్యోగానికి పోయేటప్పుడు దాన్ని చంకన పెట్టుకుని వెళ్లేవారు. రోహిణికి పాఠం చెప్పే ప్రసూనాంబ మేడమ్ తన ఫైలును ఇప్పటికీ బీరువాలో దాచుకుంది. ఇప్పుడు ఎవరూ ఏమీ రాయనక్కర్లేదు. చేతొడుగుల్లో అల్లిన దారాలు వేళ్ల కదలికను పట్టుకుంటాయి. మంచం తలాపున గోడకున్న వేదనాశ్రవణి రోగి గొంతు వింటుంది, మొహం చూస్తుంది, బాధ ఎంత తగ్గిందో తేలుస్తుంది. రెండూ కలిస్తే పూస. పని కుదిరితే వెలుగుపూస, కుదరకపోతే మసకపూస. అన్నీ కలిపితే వాసిమాల. హస్తవాసి అన్న మాటలోంచి ఎవరో ఆ పేరు తీశారు.

రోహిణిది సముద్రపొడ్డున దీవిపేట. అక్కడి ఆరోగ్య ఉపకేంద్రంలో డాక్టరు ఏనాడూ నిలవలేదు. మాల నిండిన నర్సు దొరికితే సొంతంగా మందులు రాసే అధికారమిచ్చి అక్కడ కూర్చోబెడతామని ప్రభుత్వం మాటిచ్చింది. ఆ కుర్చీ కోసమే ఆమె ఈ చదువుకు వచ్చింది. మాల మూసే గడువు దగ్గరపడింది. మిగతా భాగాలన్నీ నిండాయి. నొప్పి తగ్గించే ఉపశమన భాగమొక్కటే వెలితిగా ఉండిపోయింది. అది నిండకపోతే ఆ కుర్చీ ఇంకెవరికో పోతుంది, లేదా మళ్లీ ఖాళీగా ఉంటుంది.

ఆమె చేసిన పొరపాటు చిన్నది. ఒక మధ్యాహ్నం తవిటమ్మ మంచం దగ్గర నీరసంగా కూర్చుంటే, ఎందుకలా ఉన్నావని తవిటమ్మ అడిగింది. తవిటమ్మ జీడితోటల్లో పనిచేసి బతికిన మనిషి. పిత్తాశయం తీసేసిన ఆపరేషనై అక్కడ పడుకుని ఉంది. అడిగిన మనిషి నోట్లో మాట తీయగా ఉంది. రోహిణికి మనసాగలేదు. పూసల సంగతీ, మాల మూసే గడువూ, దీవిపేట కుర్చీ అన్నీ చెప్పేసింది.

చెప్పిన మర్నాటి నుంచే వార్డు మారింది. రోహిణి చేయి పడితే చాలు, బాధ మాయం. విరిగిన కాలుతో ఉన్న ఎర్రయ్య తాత అంతవరకూ దుప్పటి తగిలినా తిట్టేవాడు. ఆయన కూడా నవ్వడం మొదలుపెట్టాడు. మూలుగులు ఆగిపోయాయి. పూసలు ఒకదాని వెంట ఒకటి వెలుగుతూ వచ్చాయి. నీ చేతికి వాసి కుదిరిందని మేడమ్ మెచ్చుకుంది. తోటి విద్యార్థులు ఏం మంత్రం వేశావని ఆటపట్టించారు. రోహిణి లోలోపల పొంగిపోయింది. నమ్మాలనిపించింది కనుక నమ్మింది.

మాల మూసే రోజున తవిటమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు ముసలామె గోడవైపు తిరిగి ఉంది.

“ఎలా ఉంది మామ్మా?”

“బాగున్నాను గుంటా. నీ సెయ్యి సలవ. నొప్పన్నదే నేదు.”

గొంతు నిబ్బరంగా ఉంది. మొహం నవ్వుతోంది. గోడ మీది వేదనాశ్రవణి ‘ఉపశమనం సంపూర్ణం’ అని చూపించింది. రోహిణి వెనక్కి తిరగబోయి ఆగింది. ముసలామె భుజాన కప్పుకున్న తువ్వాలు అంచు తడిసి ఉంది. నీళ్ల తడి కాదు. దగ్గరికి లాగి చూస్తే బట్ట నిండా పంటిగాట్లు. కొన్నిచోట్ల పోగులు తెగిపోయాయి.

పొట్ట మీద చేయి వేసింది. చెక్క మీద వేసినట్టుంది. ఆమె వేళ్లు తగిలినప్పుడు తవిటమ్మ కాలి బొటనవేళ్లు ముడుచుకున్నాయి. మొహం మాత్రం కదల్లేదు.

లోపల ఏదో కారుతోందని రోహిణికి అర్థమైంది. పిత్తరసం పొట్టలోకి దిగితే ఆలస్యం చేసే వీలుండదు. నాడినీ జ్వరాన్నీ చూసే యంత్రాలు వేరే ఉన్నాయి. కానీ ముసలామె వాడే గుండెమాత్ర నాడిని పరుగెత్తనివ్వలేదు, జ్వరం మందు ఒంటివేడిని అణిచిపెట్టింది. మిగిలింది వేదనాశ్రవణి మాట. అది పిలిచిన మంచానికే డాక్టరు వస్తాడు. శస్త్రచికిత్స గది తలుపు తెరుచుకునేది కూడా దాని మాట మీదే. బాధపడే గొంతు ఎలా ఉంటుందో దానికి నేర్పినవాళ్లు ఊరూరా తిరిగి అరిచేవాళ్ల అరుపులు పట్టుకొచ్చి వినిపించారు. ఓర్చుకునేవాళ్లు వాళ్లకు ఏం వినిపిస్తారు?

రోహిణి కుర్చీ లాక్కుని మంచానికి ఆనుకుని కూర్చుంది. నొప్పి ఉందని నువ్వే చెప్పాలి మామ్మా, నువ్వు చెబితేనే డాక్టరు వస్తాడని బతిమాలింది. తవిటమ్మ ఒప్పుకోలేదు. చేయి వేసి చూసినవాళ్ల మొహం మీదే తగ్గలేదంటే ఆ చేతికి వాసి పోతుందని వాళ్ల వైపు నమ్మకం. పురుడు పోసే మనిషితో అనరు, ఎముక కట్టేవాడితో అనరు. తగ్గకపోయినా తగ్గిందనే అంటారు, తర్వాత ఇంకో చోటికి పోతారు. అలాంటిది, చదువుకునే పిల్లకు పూసలు కావాలని తెలిశాక ఎలా అంటుంది?

“పొద్దు గూకితే నీ మాల మూసేత్తారన్నావు గదా,” అంది తవిటమ్మ రహస్యంగా. “అందాకా ఆగు. అప్పుడు సెప్తాను.”

“అందాకా నువ్వుండవు మామ్మా.”

తవిటమ్మ ఆమె మొహంలోకి చూసింది. “ఉండకపోతే ఏటైపోద్ది. దీవిపేటలో మా సెల్లి పురిట్లో పోయింది. అక్కడ నువ్వుంటే సాలు.”

రోహిణి తలెత్తి వార్డంతా చూసింది. అందరూ ఇటే చూస్తున్నారు. ఎర్రయ్య తాత కళ్లు కలిపి, వెంటనే నవ్వు తగిలించుకున్నాడు. పూసల సంగతి ఆ నోటా ఈ నోటా అన్ని మంచాలకూ చేరిందని ఆ నవ్వే చెప్పింది.

వేదనాశ్రవణిని కాదనే దారి ఒకటుంది. దాన్ని ఖండన అంటారు. నర్సు తన పేరు మీద ‘ఈ రోగి మాట నిజం కాదు’ అని నమోదు చేయాలి. యంత్రం అప్పుడు పక్కకు తప్పుకుంటుంది. కానీ ఒక్కరి మాట నమ్మలేనిదైతే తక్కినవాళ్లదీ అంతేనని దాని లెక్క. ఆ వార్డులో ఆ నర్సుకు వచ్చిన ఉపశమన పూసలన్నీ చెరిపేస్తుంది. మాల మూసే ముందు ఖండన పెట్టిన విద్యార్థిని ప్రసూనాంబ మేడమ్ ఇంతవరకూ చూడలేదు.

“ఒద్దు గుంటా,” అంటూ తవిటమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. ముసలామె చెయ్యి చల్లగా, చెమటగా ఉంది. రోహిణి ఆ చేతిని మెల్లగా విడిపించి తన ఒళ్లో పెట్టుకుంది. రెండో చేత్తో పలక మీద వేలిముద్ర వేసింది.

పలకలో వెలుగులు వరసగా ఆరిపోయాయి.

ఆ తర్వాత అంతా తొందర తొందరగా జరిగింది. డాక్టరు వచ్చి పొట్ట తాకి చూసి వెంటనే స్ట్రెచరు బండి తెమ్మన్నాడు. తవిటమ్మ బండి మీద పోతూ కూడా ఈ గుంట మాట ఇనకండి, నాకేటీ నేదని అందరికీ చెప్పుకుంటూ పోయింది. ఆ మాట విని శస్త్రచికిత్స గదిలోని వేదనాశ్రవణి ఆమెకు ఉపశమనం సంపూర్ణమని ఇంకోసారి చూపించింది.

లోపలి నుంచి కబురు వచ్చేవరకూ రోహిణి నిలబడే ఉంది. సమయానికే తెచ్చారు, బతుకుతుందన్నారు. అప్పుడు గోడకు జారబడింది. ప్రసూనాంబ మేడమ్ పక్కకొచ్చి నిలబడింది. కుర్చీ సంగతి ఇద్దరూ ఎత్తలేదు. మళ్లీ ఏడాదికి చూద్దామని మాత్రం మేడమ్ అంది, తన మాట తనకే చప్పగా తోచినట్టు తల తిప్పుకుంది.

రోహిణి వార్డులోకి అడుగు పెట్టగానే మంచాల మీద వాళ్లంతా తలలు లేపారు. తవిటమ్మ బతికిందని చెప్పింది. ఎవరో దణ్ణం పెట్టుకున్నారు. ఎర్రయ్య తాత గొంతు సవరించుకున్నాడు.

“మరి నీ మాల పాపా?”

“లేదు తాతా. అంతా చెరిగిపోయింది.”

“అంతానా? మేం ఇచ్చినవి గూడానా?”

“మీరిచ్చినవే తాతా.”

తాత తల తిప్పి పక్క మంచాలవాళ్ల వైపు చూశాడు. అప్పుడు కిటికీ పక్క మంచం నుంచి సన్నగా ఒక మూలుగు వినిపించింది. బిగబట్టుకున్న ఊపిరి వదిలినట్టు. దానికి ఎదురు మంచం మీద ఇంకొకరు అమ్మా అన్నారు. గోడ మీద ఒక వేదనాశ్రవణి మోగింది. దాని పక్కది మోగింది. చూస్తుండగానే వార్డంతా మూలుగులతో, గంటలతో నిండిపోయింది. యంత్రాలు చెడిపోయాయనుకుని మేడమ్ పరుగెత్తుకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

రోహిణి మణికట్టు పలక తీసి బల్ల మీద పెట్టింది. ఎర్రయ్య తాత దుప్పటి పైకెత్తి కట్టు కింద చూసింది. కాలు వాచి ఎర్రబారి ఉంది. ఎప్పటినుంచో అలాగే ఉన్నట్టుంది. వేళ్ల కొసలతో వాపు అంచును తాకింది.

తాత కళ్లు మూసుకున్నాడు. ఈసారి నవ్వలేదు.

“నెమ్మది పాపా,” అన్నాడు. “నొప్పి.”