ఓటీపీ అత్తమ్మ ఫోన్‌కొస్తది

లాలాగూడ వర్క్‌షాప్ సైరన్ మోగేసరికి మేబెల్ చాయ్ అయిపోవాలి, ప్రార్థన అయిపోవాలి, కోడలి మీద మొదటి మాట పడిపోవాలి. ఆ శనివారం పొద్దున రైల్వే క్వార్టర్‌లో మూడూ వేళకే జరిగాయి.

"మూడు వేల రెండొందలు, చెప్పుల దుకాణం!" మేబెల్ కళ్లద్దాలు ముక్కు కొసకు జార్చుకుని, ఫోన్‌ని చెయ్యి చాపినంత దూరంలో పెట్టుకుని చదివింది. "ఏందీ పిల్లా ఇది?"

"ఆఫీసుకు బూట్లు అత్తమ్మా. కోడ్ చెప్పండి, టైమ్ అయిపోతుంది," అంది హదస్సా. తన ఫోన్ తెర మీద క్షణాలు తగ్గిపోతున్నాయి.

"ఉన్న చెప్పులకేమైంది?"

"తెగిపోయినయి."

"కుట్టియ్యరాదా? స్టేషన్ కాడ ఉంటడు గదా ఒకాయన."

"అత్తమ్మా, కోడ్!"

"ఎవ్వరికీ చెప్పొద్దని ఈ మెసేజ్‌లనే రాసుంది, చదవమంటవా? ఎవ్వరికీ అంటే అందుల అందరూ వచ్చిన్రు. నువ్వు సుత వచ్చినవ్."

హదస్సాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఖాతా నాది. జీతం నాది. నాది నాకు చెప్పడానికి మీకేం అడ్డం?"

"ఫోన్ నాది. మెసేజ్ నాకొచ్చింది," అని మేబెల్ ఫోన్‌ని కొంగులో చుట్టేసింది. ఈలోగా గడువు తీరిపోయింది. బూట్లు పోయాయి.

రైల్వే ఆసుపత్రిలో నర్సుగా రిటైరైన మనిషి మేబెల్. చీటీలో డాక్టరు ఏం రాస్తే అదే వేదం, ఒక్క మాత్ర అటూ ఇటూ కాకూడదు. ఇప్పుడు డాక్టరు స్థానంలో బ్యాంకు వచ్చి కూర్చుంది. పక్క క్వార్టర్‌లో ఉండే పర్వతాలు అనే ఆయన, ఎవడో ఫోన్ చేస్తే కోడ్ చెప్పి, ఉన్నదంతా పోగొట్టుకున్నప్పటి నుంచి ఆవిడ మరీ బిగుసుకుపోయింది. ఆ భయంలో నిజమెంతో, మొండితనమెంతో దేవుడికే తెలియాలి. హదస్సాకైతే అంతా మొండితనంగానే కనిపించేది.

ఈ పీడ అంతా ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలి. హదస్సా తల్లిదండ్రులు టీచర్లుగా జాంబియా వెళ్లి అక్కడే ఉండిపోయారు. ఆమె పుట్టింది, పెరిగింది, ఉద్యోగం చేసింది లుసాకాలో. పాస్‌పోర్టు ఇండియాదే, ఇంట్లో మాట్లాడింది తెలుగే, కానీ ఈ దేశంలో కాలు పెట్టింది మాత్రం రోనాల్డ్‌ని పెళ్లి చేసుకున్నాకే. అక్కడ వీధి మలుపులో గొడుగు కింద కూర్చున్న అమ్మాయికి నోట్లిస్తే ఆ డబ్బు ఫోన్‌లోని ఖాతాలో పడేది. ఆ ఫోన్ తనది, పిన్ తన బుర్రలో ఉండేది. కూరగాయల నుంచి కరెంటు బిల్లు దాకా అన్నిటికీ అదే.

ఇక్కడ ఖాతా తెరవడానికి వెళ్లిన రోజు ఆమె పేరు మీద ఇంకా సిమ్ లేదు. "మమ్మీ నెంబర్ ఇచ్చేద్దాం, తర్వాత మార్చుకోవచ్చు," అన్నాడు రోనాల్డ్. రోనాల్డ్ గూడ్స్ బండి నడుపుతాడు. వేల టన్నుల బండిని ఆపగలడు గానీ కన్నతల్లి నోటిని మాత్రం ఆపలేడు. తర్వాత సిమ్ వచ్చింది, బేగంపేటలో ఉద్యోగం వచ్చింది, జీతం రావడం మొదలైంది. నెంబర్ మాత్రం మారలేదు. అడిగినప్పుడల్లా మేబెల్‌కి నడుము నొప్పో, ఉపవాస ప్రార్థనో ఉండేది. అడగాల్సిన రోనాల్డ్‌కి డ్యూటీ ఉండేది.

సొంత నెంబర్ ఖాతాలో లేకపోతే ఈ ఊళ్లో బతకడం ఎట్లా ఉంటుందో అనుభవిస్తే తెలుస్తుంది. టమాటాల బండివాడు స్కాన్ చేయమంటాడు. నోటిస్తే చిల్లర లేదంటాడు. ఆటోవాడూ అంతే, చాయ్ బండీ అంతే. ఆఫీసులో అందరూ కలిసి బిర్యానీ తెప్పించుకుంటే, నా వాటా రేపు ఇస్తానని ఆమె ఒక్కతే అనాలి. పోనీ ఏటీఎంలో డబ్బు తీద్దామంటే, ఇంటికొచ్చేలోపు ఆ కబురు మేబెల్‌కు చేరిపోయేది. "మధ్యాహ్నం రెండు వేలు తీసినవ్, దేనికి?" అని గుమ్మంలోనే అడిగేది.

దానికి తోడు సంతకం గొడవ. ఆఫీసులో ఎవరికో చెక్కు రాసిస్తే సంతకం కలవలేదని తిప్పి పంపారు. లుసాకాలో డబ్బు పనంతా పిన్‌తోనే, చాలా ఏళ్లుగా ఆమె ఏ కాగితం మీదా సంతకమే పెట్టలేదు మరి! బ్యాంకులో పిలిచి మళ్లీ మళ్లీ సంతకాలు పెట్టించుకున్నారు. పక్కనే నిలబడి చూసిన మేబెల్ ఊరుకుందా? ఆదివారం ఆరాధన అయ్యాక స్త్రీల కూడికలో అందరి ముందూ, "మా కోడలు పెద్ద చదువు చదివింది గని, ఆమె సంతకం ఆమెకే రాదు," అంది. పక్కున నవ్వారందరూ. హదస్సా కూడా నవ్వింది. నవ్వుతూనే లోపల కుమిలిపోయింది.

మర్నాడు ఆఫీసులో అన్నం డబ్బా మూత కూడా తీయకుండా లుసాకాకు విమానం టికెట్ బుక్ చేయబోయింది. అమ్మ దగ్గరికి వెళ్లిపోవాలి, అంతే. అది కూడా కోడ్ అడిగింది! తిట్టుకుంటూ మేబెల్‌కు ఫోన్ చేస్తే, "ఏం రాలేదు పిల్లా, ఇక్కడ సిగ్నల్ లేదు," అంది ఆవిడ. టికెట్ ఆగిపోయింది. ఆ సంగతి హదస్సా ఎవరికీ చెప్పలేదు. ఎవరికీ తెలియదనే అనుకుంది. ఆ రోజు నుంచే అత్త మాట ఇంకా కరుకెక్కిందని గమనించింది గానీ, ఎందుకో ఆమెకు తట్టలేదు.

మళ్లీ ఈ శనివారానికొస్తే, బూట్లు పోయాక హదస్సా వంటింట్లోకి నడిచింది. డ్యూటీ దిగి వచ్చిన రోనాల్డ్ పీట మీద కూర్చుని ఉప్మా తింటున్నాడు.

"ఇవాళ బ్యాంకుంది. నెంబర్ మార్పించుకుంటా. పాత నెంబర్‌కు వచ్చే కోడ్ చెప్తేనే కొత్తది ఎక్కిస్తారట. మీ మమ్మీ రావాలి. నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

"జెర తిననీయవా హదస్సా? నెక్స్ట్ వీక్..."

"ఆ వీక్ మన పెళ్లయినప్పటి నుంచి రాలేదు!"

మేబెల్ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "నేను రాను. నా నెంబర్ ఎందుకు తీసెయ్యాలె? ఏం దాచుకోనీకి?"

"దాచుకోవడానికి నాకేం మిగిల్చారు?" హదస్సా గొంతు పెరిగింది. "నా జీతమెంతో మీకు తెలుసు. ఏటీఎం కాడ ఎప్పుడు నిలబడ్డానో తెలుసు. లోపలి బట్టలు కొన్నా తెలుసు. నన్ను కన్న తల్లి కూడా ఇన్ని లెక్కలు అడగలేదు. నా పైసలుండి కూడా బిచ్చం అడిగినట్టు అడుగుతున్న మిమ్మల్ని, రోజూ!"

"అడిగితే ఏం అరిగిపోతవా? నేను రిటైరయ్యేదాక నా జీతం తెచ్చి మా అత్త చేతుల పెట్టిన. నోరెత్తలే."

"మీరు పెట్టుకోండి! నేను పెట్టను."

"మమ్మీ, జెర ఆగు. హదస్సా, నువ్వు సుత..." అని రోనాల్డ్ లేవబోయాడు.

"నువ్వు తిను!" అన్నారిద్దరూ ఒక్కసారే.

"ఇది ఇల్లు కాదు, జైలు," అంది హదస్సా. ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ నోరు జారిపోయింది.

మేబెల్ మొహం నల్లబడింది. "జైలే! అందుకే గదా ఆనాడు పారిపోదామని చూసినవ్. విమానం టికెట్! ఒక్కరికి, పోనీకే, రానీకి లేదు!"

రోనాల్డ్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తల్లి మొహం చూశాడు, పెళ్లాం మొహం చూశాడు.

"మెసేజ్ రాలేదన్నారు కదా," అంది హదస్సా. గొంతు సగానికి తగ్గింది.

"వచ్చింది. విమానం కంపెనీ పేరు, పైసలు, అన్నీ వచ్చినయ్. గన్ని పైసలకు ఒక్కరు పోనీకే అయితదని అడిగి తెలుసుకున్న. అబద్ధం చెప్పిన. ఇంత వయసొచ్చినంక కోడలితోని అబద్ధం చెప్పిన, దేవుడు నన్ను క్షమించాలె."

"నిజమేనా?" అన్నాడు రోనాల్డ్, భార్యతో.

"నిజమే," అంది హదస్సా. దాచి లాభం లేదు. "చర్చిలో అందరూ నన్ను చూసి నవ్విన మర్నాడు. నువ్వు బండి మీద లైన్‌లో ఉన్నవ్. ఇంట్లో నాతో మాట్లాడే మనిషి లేదు. పోదామనుకున్న."

"నాకొక్క మాట చెప్పలేదేంది?" అన్నాడతను. ఎవరిని అడిగాడో అతనికే తెలియదు.

"వీనికి నేనెట్ల చెప్తా?" మేబెల్ గోడకు ఆనుకుంది. "మనసు బాగలేక ఇంజన్ ఎక్కితే ఏమన్న అయితే? కడుపుల పెట్టుకున్న. ఆనాటి సంది నాకు అన్నం దిగుతలేదు. ఫోన్ టింగుమంటే చాలు, మళ్ల టికెటే అనుకుంటున్న. రెండు వేలు తీస్తే పోనీకే అనుకున్న. ఇయ్యాల బూట్లు... కొత్త బూట్లేసుకుని పోతదేమో అనుకున్న."

హదస్సాకు జాలి కలగలేదు. నిజం చెప్పాలంటే కోపం ఇంకా పెరిగింది. ఇన్నాళ్లూ ఈ మనిషి తనను దొంగను కాపలా కాసినట్టు కాసింది. అడగాల్సిన ఒక్క ముక్క అడగకుండా, అడగకూడనివన్నీ అడిగింది.

"అత్తమ్మా, నేను పోవాలంటే మీ కోడ్ ఎందుకు? ఏటీఎంలో తీసుకుని, టికెట్లు అమ్మే ఏ ఆఫీసులోనైనా నోట్లు లెక్కపెట్టిస్తే టికెట్ ఇయ్యరా? బేగంపేటలో మా ఆఫీసు కిందనే ఉంది ఒకటి. రోజూ దాని ముందు నుంచే పోతున్న. పోలేదు కదా!"

ఈ సంగతి మేబెల్‌కు ఎన్నడూ తట్టలేదని మొహమే చెబుతోంది. ఇన్ని నెలలుగా తన ఫోనే కోడల్ని ఆపుతోందనుకుంది పాపం. పక్కలో పెట్టుకుని పడుకుంది, స్నానానికి వెళ్తే కిటికీలో పెట్టుకుంది.

"మరెందుకు పోలే?" అని అడిగింది.

"తెల్వదు. ఆ రోజంతా ఏడ్చిన. తెల్లారి లేచేసరికి పోవాలనిపించలేదు." హదస్సా కొంగుతో మొహం తుడుచుకుంది. "అట్లని మీ మీద కోపం పోలేదు. ఇప్పుడు సుత పోలేదు."

మేబెల్ లోపలికి వెళ్లింది. బీరువా తలుపు చప్పుడైంది. మళ్లీ వచ్చేసరికి ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిసంచీ పట్టుకుని ఉంది.

"నడువు. శనివారం గుంపు ఎక్కువుంటది," అంది, కోడలి మొహం చూడకుండా.

దారి పొడుగునా ఆటోలో ఇద్దరి మధ్యా సంచీ ఉంది. బ్యాంకులో చాలాసేపు కూర్చోవాల్సి వచ్చింది. వంతు వచ్చాక కౌంటర్‌లోని కుర్రాడు హదస్సా కాగితాలన్నీ తిరగేసి చూశాడు, కంప్యూటర్‌లో ఏదో కొట్టి తలెత్తాడు.

"పాత నెంబర్ ఎవరిదమ్మా? మీదా? కోడ్ వచ్చుంటది, చెప్పండి."

మేబెల్ ఫోన్ దూరంగా పెట్టి చూసింది.

"ఇది చెప్పినంక నాకేం రావా బాబూ?"

"రావమ్మా. ఇంక అన్నీ ఆమె నెంబర్‌కే."

"ఏం కొన్నా, ఎక్కడికి పోయినా?"

"ఏవీ రావు."

మేబెల్ కోడలి వైపు తిరిగింది. ఆ పొద్దంతా అరిచిన గొంతు ఇప్పుడు వినీ వినపడకుండా ఉంది. "ఇంగ నువ్వు పోయినా నాకు తెల్వదు బిడ్డా. ఏదో ఒక పొద్దుగాల లేచి చూస్తే గది ఖాళీగుంటది, గంతే."

హదస్సా అత్త మొహంలోకి చూసింది. ఇన్నాళ్లూ తనను పిల్లా అనడమే గానీ, బిడ్డా అనడం ఇదే మొదలు. ఈ మనిషి కాపలా కాసింది తన డబ్బును కాదు, తన ఖర్చును కాదు. పోతుందేమోనని భయపడింది, ఆ భయాన్ని చెప్పడం చేతగాక పోట్లాడింది. చర్చిలో పరాచికం ఆడింది ఈవిడే, తప్పు ఈవిడదే. అయినా తన కోసం అన్నం దిగని మనిషి ఈ దేశంలో ఒకరు ఉన్నారని హదస్సాకు ఇవాళే తెలిసింది.

"చెప్పకుండ పోను అత్తమ్మా," అంది. కళ్లు తడిసి మేబెల్ మొహం మసకబారింది. "కోపమొస్తే మీ మొహం మీదనే చెప్తా. మీరు సుత అట్లనే అడగండి. దేనికి కొన్నవని కాదు. పోతవా అని అడగండి."

"పోతవా?"

"పోను."

మేబెల్ అక్కడే, అంత గుంపులో, కౌంటర్ గట్టు పట్టుకుని ఏడ్చేసింది. వెనక నిలబడ్డ పెద్దాయన ఒకడుగు వెనక్కి వేశాడు. హదస్సా అత్త భుజం చుట్టూ చెయ్యి వేసింది. పెళ్లి ఫోటోలో తప్ప ఆ చెయ్యి అక్కడ పడ్డది లేదు.

కౌంటర్ కుర్రాడు కాసేపు కంప్యూటర్ వైపు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత మొహమాటంగా గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, టైమ్ అయిపోయింది. అది పనిచెయ్యదు. ఇంకోటి పంపాలి."

"పంపు బాబూ," అంది మేబెల్, ముక్కు ఎగబీల్చి కళ్లద్దాలు తుడుచుకుంటూ. ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి ఆవిడ ఒక్కో అంకె, బ్యాంకులో అందరికీ వినపడేంత గట్టిగా, ఆగకుండా చదివింది.