ముక్కెర చెట్టుకు కావలి

కావలి మొదటి దెబ్బకే సూర్రాజు మణికట్టు విరిగింది. చేతిలోని రోకలి ఎగిరి బెండ మడిలో పడింది. అతని వెనక పాత చెప్పులు పట్టుకుని నిలబడ్డ వాళ్లంతా నోళ్లు వెళ్లబెట్టారు. డాక్టర్ మరిడయ్య మాత్రం చప్పట్లు కొట్టాడు. తన యంత్రం పనిచేసిందని ఆయన సంబరం.

ఇదంతా దొరసాని తోటలో. జమీందార్ల కాలం నాటి తోట అది. ఇప్పుడు ఊళ్లోవాళ్లు మడులు పంచుకుని వంగ, బెండ, తోటకూర పండించుకుంటున్నారు. నడుమ ముక్కెర చెట్టు ఉంది. కొండల్లోవన్నీ పోయి లోకంలో మిగిలింది ఆ ఒక్కటే. దాని కాండాన్ని లోపల బూజు తినేస్తోంది. ఏటా రాలే గింజల్లో ఒక్కటైనా మొక్కై నిలవకముందే అది చచ్చిందా, ఆ జాతి అంతటితో సరి.

ఏటా ఒక పొద్దున తోటవాళ్లు దాన్ని రోకళ్లతో, చెప్పులతో బాదుతారు. పూస్తావా, నరికెయ్యమంటావా అని తిడతారు. తోట సంఘం పెద్ద హైమావతి, ఒకప్పటి డ్రిల్ టీచరు, చెట్టు తరఫున అడ్డుపడి ఈ ఏడు పూస్తుందిలే, వదిలెయ్యండి అని బతిమాలుతుంది. చెట్టుకు సిగ్గొచ్చి పూస్తుందట. వృక్షశాస్త్రం చదివిన మరిడయ్యకు ఈ తంతు చూస్తే ఒళ్లు మండేది.

అందుకే కావలి అనే ఈ యంత్రాన్ని తయారుచేశాడు. చెట్టుకు దెబ్బ తగిలితే కాండంలో సన్నటి విద్యుత్ తరంగం పుడుతుంది. బెరడులో గుచ్చిన సెన్సర్లు దాన్ని పసిగడతాయి. వెంటనే పక్కనున్న ఇనుప చెయ్యి, అందుబాటులో ఎవరుంటే వాళ్లను కొడుతుంది. యంత్రాన్ని ముట్టుకున్నా దెబ్బే. బ్యాటరీ దాని లోపలే. స్విచ్ పెట్టలేదు. పెడితే కలప దొంగ కూడా నొక్కుతాడని ఆయన తెలివి.

ఆ ఏడు చెట్టు పూయలేదు. మరుసటేడూ పూయలేదు. రాలిన కొమ్మలు లాబ్‌లో పరీక్షించి మరిడయ్య తల పట్టుకున్నాడు. సిగ్గు సంగతి దేవుడెరుగు, దెబ్బల అదురుకే ఆ చెట్టులో మొగ్గ తొడిగే హార్మోన్ ఊరుతోంది. దాన్ని ఇంజక్షన్‌గా ఇద్దామంటే, సూది గుచ్చినా కావలి ఊరుకోదు. దూరం నుంచి రాళ్లు రువ్వితే ఆ అదురు చాలదు.

చివరికి తానే రోకలి పట్టుకుని వెళ్లాడు. ఒక్క దెబ్బ వేశాడో లేదో, ఇనుప చెయ్యి డొక్కలో గుద్దింది. ఆయన వెళ్లి చెట్టుకే కొట్టుకున్నాడు. ఆ అదురును కావలి రెండో దాడిగా లెక్కేసింది. మళ్లీ గుద్దింది. మళ్లీ చెట్టుకే తగిలాడు. పక్కటెముకలు విరిగిన చప్పుడు మడుల దాకా వినిపించింది. పళ్లు తోటకూరలో రాలాయి. బెరడంతా నెత్తురు. వదిలెయ్, చచ్చిపోతాడని హైమావతి యంత్రాన్ని వేడుకుంది. దానికి చెవులు పెట్టలేదు మరిడయ్య. తోటవాళ్లు దూరం నుంచే ఆయన కాలికి తాడు వేసి ఇవతలికి లాగారు.

నెల తిరక్కుండా చెట్టు విరగబూసింది. ఆస్పత్రి మంచం మీద ఆ కబురు విని ఆయన ఏడ్చాడు. ఆ పూతకొచ్చిన గింజలు మొలిచాయి గాని, వానలకి మొక్కలన్నీ కుళ్లిపోయాయి.

మరుసటేడు చెట్టును బాదే రోజుకి మరిడయ్య చంకకర్రల మీద తోటకు వచ్చాడు. ఎవరి చేతిలోనూ రోకలి లేదు. మడుల్లో వంకాయలు దొంగిలిస్తూ దొరికిన అప్పలకొండ అనే మనిషిని చేతులు కట్టి, ఇనుప చేతికీ చెట్టుకీ నడుమకు తోసేందుకు సిద్ధంగా నిలబెట్టారు. సూర్రాజు వంకర తిరిగిన చేత్తోనే అతని మెడ పట్టుకున్నాడు. నాకు పిల్లలున్నారు బాబో అని అప్పలకొండ ఏడుస్తున్నాడు.

ఇదేం ఘోరమని మరిడయ్య హైమావతిని నిలదీశాడు.

"మీరు చెప్పిందే కదండీ, అదురు కావాలని," అంది హైమావతి. "ఇంకో ఏడాది ఆగుతుందా చెట్టు?"

ఆగదని ఆయనకు తెలుసు. పైకి చూశాడు. ఒక్క కొమ్మకీ మొగ్గ లేదు. అప్పలకొండ ఆయన కాళ్ల వైపు ఒంగాడు.

మరిడయ్య భుజం మీది తుండు తీసి సూర్రాజుకి అందించాడు.

"తలకి చుట్టండి," అన్నాడు. "గట్టిగా చుట్టండి."