గోడకు పోసిన బెల్లం

పొద్దున లేవగానే వెంకటనర్సమ్మ చేసే మొదటి పని మగ్గపు గుంట ఊడ్వడం. ఇరవై రెండేళ్లుగా అదే అలవాటు. ఆ బుధవారం మాత్రం గుంట మీద మగ్గమే లేదు. ముందురోజు మొగుడు గండయ్య నేసిన చీరలు ఇచ్చి రావడానికి ఆలేరు పోయి, రాత్రికి అక్కడే చెల్లెలింట్లో ఉండిపోయాడు. అదే అదనని ఆమె మేస్త్రీ బీరన్నను పిలిపించి, మగ్గాన్ని కట్టె కట్టె విప్పించి వసారాలో పేర్పించింది. గండయ్యను అడగలేదు. అడిగితే కాదంటాడని ఆమెకు తెలుసు.

గండయ్యకు చక్కెర జబ్బని తేలి రెండు నెలలు. దవాఖానలో అతని మూత్రం నీలం నీళ్లలో పోసి కాచితే, ఆ నీళ్లు ఇటుక రంగుకు తిరిగాయి. ఆనాటి నుంచి ఇంట్లో పళ్లేలు ఎగురుతున్నాయి. జొన్నరొట్టెలోకి బెల్లంముక్క ఏదని ఒకరోజు రొట్టె విసిరాడు. కాకరకాయ కూరను ఇంకోరోజు గిన్నెతో సహా వాకిట్లోకి తన్నాడు. బెల్లం పెట్టెలో పెట్టి తాళం వేస్తే, తాళంచెవి కోసం ఆమె చెయ్యి మెలిపెట్టాడు. వారం దాకా ఆ చేత్తో నూలు కండె పట్టలేకపోయింది. అంతకుముందు ఏనాడూ ఆమె మీద చెయ్యెత్తి ఎరగని మనిషి.

అతనికి చెప్పని మాట ఒకటి ఆమె కడుపులో ఉంది. డాక్టరు ఆమెను పక్కకు పిలిచి, గండయ్య పాదాలకు తెలివి పోతున్నదని చెప్పాడు. ముల్లు గుచ్చినా, తేలు కుట్టినా అతనికి తెలియదు. పుండైతే మానదు. ముదిరితే కాలు తీసెయ్యాలి. మగ్గం నేసేవాడు పొద్దంతా కాళ్లు గుంటలో పెట్టి కూర్చోవాలి. ఆ మట్టిగుంటలో చెమ్మ, పెంకులు, పురుగూ పుట్రా. కాలే పోతే తొక్కుడు కట్టెలు తొక్కేదెవరు? మగ్గం ఆగితే గండయ్య బతికి ఉండడు. అందుకే గుంటకూ, మగ్గం గది గోడలకూ డంగు సున్నంతో గచ్చు చేయించాలనుకుంది. కాలి మాట చెబితే మగ్గం ఇప్పుడే మానేస్తాడని భయపడి, నోరు కుట్టేసుకుంది.

బీరన్న తెల్లవారకముందే వచ్చి, ముందురోజు కలిపి ఉంచిన సున్నంతో ఒక గోడకు పూత వేశాడు. వాకిట్లో చిన్న గుంత తీసి, పచ్చి సున్నపురాళ్ల మీద నీళ్లు పోస్తే అవి కుతకుత ఉడుకుతున్నాయి. పక్కన గోళెంలో కరక్కాయ కషాయం. అందులోకి బెల్లం ముద్దలు పగలగొట్టి వేస్తున్నాడు. బెల్లం నీళ్లు పడితేనే సున్నం రాయిలా బిగుస్తుంది. తాతల నాటి పద్ధతి.

సరిగ్గా అప్పుడే గండయ్య దర్వాజలో నిలబడ్డాడు. విప్పిన మగ్గం చూశాడు. బెల్లం చూశాడు.

"గోడకు బెల్లం పోస్తున్నవా?" అన్నాడు, గొంతు లేపకుండానే.

"సున్నంల కలుపుతరయ్యా. గట్టిగుంటదని."

"నాకు గోరంత ముక్క పెట్టవు. గోడకు గోళెం నిండ పోస్తున్నవు."

బీరన్న నవ్వులాటకు పోయాడు. "గోడకేమన్న చక్కెర బీమారి వస్తదా, అన్నా?"

ఆ మాటతో గండయ్య మూలనున్న గడ్డపార అందుకున్నాడు. పచ్చిగోడ మీద వేసిన మొదటి పోటుకే పూత పెళ్ల పెళ్లగా రాలింది. రెండో పోటుకు లోపలి ఇటుక కదిలింది. ఆపబోయిన బీరన్నను భుజంతో ఒక్క తోపు తోస్తే, అతను పోయి గుంజకు కొట్టుకున్నాడు.

"నేను సావకముందే నా జాగా సాపు చేస్తున్నవు గదనే. రేపు ఎవలికి కిరాయికి ఇస్తవు గీ గది?"

"నీ మగ్గం కోసమే" అంటూ ఆమె అడ్డం పోయింది. అతను విసిరిన ఇత్తడి చెంబు వచ్చి ఆమె నుదుటికి తగిలింది. కన్ను మీదుగా వెచ్చగా నెత్తురు కారింది. వెంకటనర్సమ్మ ఏడవలేదు. నడుముకున్న తాళంచెవి తీసి, పెట్టె తెరిచి, బెల్లం ముద్ద తెచ్చి అతని రొమ్ముకేసి కొట్టింది.

"తిను. ఇంకెన్నొద్దులు తన్నులు తినాలె నేను? తిని సావు."

ఆమె నోట ఆ మాట వినడం అతనికి అదే మొదలు. కాని కోపం ఇంకా దిగలేదు. గడ్డపార లేపి, గోళెం పగలగొట్టడానికి వాకిట్లోకి దూకాడు. ఎడమకాలు ఉడుకుతున్న సున్నంలో చీలమండ దాకా దిగిపోయింది. గండయ్య దాంట్లోనే నిలబడి తిడుతూ ఉన్నాడు. కాలి చుట్టూ పొగలు లేస్తున్నాయి. మాడిన తోలు వాసన ఆమె ముక్కుకు తగిలింది.

"నీ కాలు చూడు" అంది వెంకటనర్సమ్మ.

అతను వంగి చూశాడు, పరాయివాళ్ల కాలును చూసినట్టు. గడ్డపార చేతిలోంచి జారింది. ఆమె అతని నడుము పట్టి బయటికి లాగి, అరుగు మీద కూలేసి, కుండ మీద కుండ నీళ్లు కుమ్మరించింది. బీరన్న పరుగున తోడి అందించాడు. సున్నంతోపాటు తోలు కూడా ఊడి వచ్చింది.

"నొప్పి లేదు, నర్సమ్మా" అన్నాడు గండయ్య. "ఏందిది, జరంత నొప్పి లేదు."

"నీ బీమారి అదేనయ్యా. నొప్పి తెల్వకపోవుడే." అప్పుడు చెప్పింది అంతా. డాక్టరు మాట, గుంట, గచ్చు, తన భయం.

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్పకపోవుడు నా తప్పే. కొట్టుడు నీ తప్పు."

నలభై రోజులు దవాఖానలో ఉంచారు. రెండు వేళ్లు తీశారు, కాలు నిలిచింది. అతను ఇల్లు చేరేసరికి మగ్గం మళ్లీ గదిలో నిలబడి ఉంది. గుంట లోపల కొత్త కుండలా నునుపుగా ఉంది. గడ్డపార పోటు పడిన చోటును మాత్రం ఆమె పూడ్చనివ్వలేదు. బీరన్నతో అంచులు చెక్కించి గూడు చేయించింది. అందులో దవాఖానలో ఇచ్చిన చక్కెర జబ్బు సూదిమందు డబ్బా పెట్టింది.

గండయ్య ఆ గూటి అంచును వేళ్లతో తడిమి చూశాడు.

"ఇంకోపాలి చెయ్యి లేస్తే నేను గీ ఇంట్ల ఉండ. సూది నువ్వే పొడుసుకోవాలె" అంది ఆమె, కండెలు చుడుతూనే.

గుంటలోకి దిగేముందు రోజూ కాళ్లు చూడాలని డాక్టరు చెప్పాడు. అతను గుంట అంచున కూర్చుని, పాదాలు మెల్లగా ఆమె ఒళ్లో పెట్టాడు. ఆమె ఒక్కొక్క వేలూ విడదీసి చూస్తుంటే, వంగిన ఆమె నుదుటి మీద మచ్చ అతని కళ్లకు ఎదురుగా వచ్చింది. వేలితో దాన్ని తాకాడు.

"కాలు కాలితె తెల్వలే, నర్సమ్మా. ఇది చూస్తె తెలుస్తాంది" అన్నాడు. ఆపుకున్నా ఆగక, కళ్లలో నీళ్లు ఆమె చేతుల మీద పడ్డాయి.

ఆమె కొంగుతో ముందు అతని పాదాలు తుడిచింది. తర్వాత తన కళ్లు తుడుచుకుంది.

"పుండు లేదు. దిగు" అంది.