మేలి మాట

చైనాలో చ్వాన్‌జౌ రేవు పక్క చేపల బజారులో ఆ ఉదయం బేరాలు జోరుగా సాగుతున్నాయి. పీతలమ్మే ముసలాయన తన మిన్నాన్ యాసలో అరుస్తున్నాడు. ఎదురుగా నిలబడిన నైజీరియా ఇంజనీరు యొరూబాలో ధర తగ్గించమంటున్నాడు. పక్కనే తన వంతు కోసం చూస్తున్న హర్షిత మాత్రం ఇద్దరి మాటలనూ నెల్లూరు తెలుగులో వింటోంది.

"పొద్దున్నే బోణీ బేరం నాయనా, అట్టా గీసి గీసి అడగబాక," అంది ఆమె చెవి వెనక పూస, అచ్చం ముసలాయన గొంతుతో.

ఆయన నిజానికి ఏమన్నాడో హర్షితకు తెలియదు. తెలుసుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు.

దాన్ని తెలుగువాళ్ళు నుడిపూస అంటారు. కందిగింజంత ఉంటుంది. ఎదుటి మనిషి నోట మాట వెలువడుతూ ఉండగానే ఆ శబ్దాన్ని చెవికి చేరకుండా మింగేసి, అదే గొంతుతో మన భాషలో చెప్తుంది. పుట్టింది చైనాలో. సరుకులతో, రైళ్ళతో, ఓడరేవులతో లోకమంతా పరుచుకున్న ఆ దేశానికి అన్ని దేశాల మనుషులతోనూ మాట్లాడవలసిన అవసరం పడింది. తన భాష నేర్చుకోమని లోకాన్ని ఒత్తిడి చేయడం కన్నా, ఎవరి భాషలో వాళ్ళను ఉండనిచ్చి పూసలమ్మడమే తేలికని అక్కడివాళ్ళు గ్రహించారు. హర్షిత అమ్మమ్మ కాలంలో నెల్లూరు ట్రంకు రోడ్డు నిండా ఇంగ్లీషు నేర్పే కోచింగ్ సెంటర్లు ఉండేవట. అమ్మ కాలానికి ఆ మేడల మీదే చైనీసు నేర్పుతామనే బోర్డులు వెలిశాయి. హర్షిత కాలేజీలో చేరేసరికి అవీ పోయి, పూసల దుకాణాలు వచ్చాయి. ఏ భాషా నేర్వకుండానే ఆమె రేవు ఇంజనీరుగా ఇక్కడికి వచ్చింది. ఏ భాషా నేర్వకుండానే లిన్ జిహావ్ అనే పడవల డిజైనరును ప్రేమించి పెళ్ళాడింది. అతను తన మనసులో మాట చెప్పినప్పుడు అది కూడా నెల్లూరు యాసలోనే వినపడి, ఆమెకు నవ్వాగలేదు.

పీతలు సంచిలో వేసుకుంటూ ఉండగా బడి నుంచి ఫోను. మేలికి జ్వరం, చెవి వెనక వాచింది, వెంటనే రమ్మన్నారు.

మేలి వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. తెలుగులో మేలైనదని అర్థం, చైనా చెవికి అందమైనదని వినిపిస్తుంది. రెండు భాషలకూ సరిపడే పేరు దొరికిందని పుట్టినప్పుడు మొగుడూ పెళ్ళాం ఎంతో మురిసిపోయారు.

ఆసుపత్రిలో డాక్టర్ షు అనే నడివయసు ఆవిడ పిల్ల చెవి చూసి పెదవి విరిచింది. "ఎముకలో చీము పట్టింది. శిశుపూసను తీసెయ్యాలి. మానేదాకా కొత్తది పెట్టడానికి లేదు."

చైనాలో పిల్లలు అపురూపమైపోయిన కాలం అది. పుట్టిన ప్రతి బిడ్డకూ నెల తిరక్కముందే చెవి వెనక ఎముకలో శిశుపూస అమర్చడం ఆనవాయితీ. పెద్దల పూస భాషలను మారిస్తే, శిశుపూస ఏడుపునూ ఉంగాలనూ చదివేది. బిడ్డ చూపు ఎటుందో, ఊపిరి ఎట్లా మారిందో గమనించి, ఏం కావాలో ఊహించి, వాళ్ళ పూసల ద్వారా అమ్మకు అమ్మ భాషలో, నాన్నకు నాన్న భాషలో చెప్పేది. మేలి ఇంకా పాకుతూ ఉండగానే "అమ్మా, పాలు" అంది. హర్షిత ఆ రోజు నెల్లూరుకు ఫోను చేసి అందరికీ చెప్పింది.

ఆపరేషన్ గది బయట కూర్చుంటే హర్షితకు ఎందుకో అత్తగారు గుర్తొచ్చింది.

జిహావ్ తల్లిది షున్‌పూ అనే చేపల పల్లె. అక్కడి ఆడవాళ్ళలాగే కొప్పు చుట్టూ పూలదండలు చుట్టుకునేది. నాయనమ్మను ఆ ఊళ్ళో ఆమా అంటారు. ఆమె పూస పెట్టుకోలేదు. ఇంట్లో ఆమె యాస పూస లేకుండా తెలిసినవాడు కొడుకొక్కడే. మేలికి నాలుగేళ్ళప్పుడు, ఒకరోజు భోజనాల దగ్గర ఆమా ఉన్నట్టుండి చాప్‌స్టిక్స్ కింద పెట్టేసింది.

"ఈ పిల్ల మాట్లాడ్డంలా," అంది.

హర్షిత నవ్వింది. అప్పుడే మేలి బడిలో తాబేలు సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పి ముగించింది మరి. "అదేంది అత్తమ్మా, ఇంతసేపూ అది చెప్పిందంతా వినలేదా?"

ఆ మాటను జిహావ్ తన తల్లికి ఆమె యాసలో చెప్పాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"అది మన మాటా కాదు, మీ మాటా కాదు. అసలు ఎవరి మాటా కాదు. మీ చెవుల వెనకవి ఒక్కసారి తీసి వినండి."

హర్షితకు మొహం మాడిపోయింది. మనవరాలికి తన యాస రాలేదని కడుపుమంట, పరాయి దేశపు కోడలంటే మొదటినుంచీ చిన్నచూపు, అనుకుంది. పూస తీస్తే పిల్ల బెదిరిపోతుందని సాకు చెప్పింది. జిహావ్ తల్లిని సముదాయించబోయి, చివరికి, "నీకు వయసైపోయిందమ్మా, సరిగ్గా వినపడ్డంలా," అనేశాడు. ఆమా భోజనం ముందు నుంచి లేచిపోయింది. ఆ నెలలోనే షియామెన్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. మరుసటి చలికాలంలో అక్కడే పోయింది.

నర్సు వచ్చి పిలిచింది. పిల్లను ఉంచిన గదిలో యంత్రాలకు అడ్డం వస్తుందని హర్షితను కూడా పూస తీసి బయట పెట్టమని సైగ చేసింది.

మేలి కళ్ళు తెరిచి ఉంది. తల చుట్టూ కట్టు. తల్లిని చూడగానే చెయ్యి చాచి ఏదో అంది.

"సిమే... ఊలదై సిమే, హు న్నా."

జ్వరంలో సంధి పలవరింత అనుకుంది హర్షిత. చెయ్యి పట్టుకుని దగ్గరికి వంగింది. మేలి మళ్ళీ అదే అంది. ఇంకొంచెం నిదానంగా, వినబడలేదేమో అన్నట్టు. అందులో ఒక తీరు ఉంది. ఎత్తుపల్లాలున్నాయి. చివర ప్రశ్న ఉంది. పలవరింత కాదది. పిల్ల చక్కగా, తెలివిగా ఏదో అడుగుతోంది.

"మేలీ, నొప్పిగా ఉందామ్మా?"

ఆ మాట వినగానే మేలి చెయ్యి వెనక్కి లాక్కుంది. అమ్మ పెదవులు కదులుతున్నాయి, అమ్మ గొంతే వస్తోంది, కానీ ఆ శబ్దాలను ఆ పిల్ల ఏడేళ్ళలో ఎన్నడూ వినలేదు. మంచం చివరికి జరిగి గోడకు ఆనుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. కాసేపటికి ఏడవడం మొదలుపెట్టింది. ఆ ఏడుపొక్కటే హర్షితకు అర్థమైంది.

బయటికి పరుగెత్తి తన పూస పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. పిల్ల ఏడుస్తూ ఏదేదో అంటోంది. లోకంలో దానికి తెలియని భాష లేదని ప్రకటనలు చెప్పే ఆ పూస కిక్కురుమనలేదు.

సంగతి తేలడానికి వారం పట్టింది. డాక్టర్ షు ఇద్దరినీ కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది.

"పిల్ల ఏ శబ్దం చేసినా శిశుపూస అర్థం చేసుకుంది. మీరు ఏం అన్నా ఆ శబ్దాల్లోకే మార్చి దానికి వినిపించింది. ఇంకో భాష నేర్చుకోవాల్సిన అవసరమే రాలేదు. తనకు తానుగా ఒక భాష అల్లుకుంది, చాలా చక్కని భాష. కాకపోతే దాన్ని మాట్లాడే మనిషి లోకంలో మేలి ఒక్కతే."

"మిగతా పిల్లలకు ఇట్టా కాలేదే?" అన్నాడు జిహావ్.

"ఇంట్లో అందరిదీ ఒకే భాష అయితే పెద్దల మాటలు మార్చే పని పూసకు ఉండదు. పిల్లలు మామూలుగానే నేర్చుకుంటారు. మీలా ఇద్దరివీ రెండు భాషలైన ఇళ్ళలోనే ఇది. లాగోస్‌లో, హాంబర్గ్‌లో, మీ విశాఖపట్నంలో కూడా బయటపడుతున్నాయి. పూస తీసేదాకా ఎవరికీ తెలియదు."

పూస తయారుచేసిన సంస్థ నుంచి ఒక అధికారి తెరమీద మాట్లాడాడు. మర్యాదస్థుడే. "మా పూస మీ అమ్మాయిని ఒక్క మాట పొల్లు పోకుండా అర్థం చేసుకుంది. లోపం ఎక్కడుందో మాకు తెలియడం లేదు," అన్నాడు. ఆ మాట నిజమే.

చెవి మానాక కొత్త పూస పెడితే పాత పూస జ్ఞాపకమంతా అందులోకి ఎక్కించవచ్చు, మేలి మునుపటిలా గలగలా మాట్లాడుతుంది. పెట్టకపోతే ఏడేళ్ళ పిల్ల మొదటి మాట నుంచి మొదలుపెట్టాలి. ఆలస్యమైన కొద్దీ అసలు భాషే పట్టుబడదు.

"పెట్టించేద్దాం హర్షితా," అన్నాడు జిహావ్. "రోజూ ఆ గోడ దగ్గర అది ముడుచుకుని కూర్చుంటే నేను చూడలేకుండా ఉండా."

"అది ఎప్పుడన్నా పాడైతే? మనం లేనప్పుడు పాడైతే?" అంది హర్షిత. "అత్తమ్మ చెప్పింది జిహావ్. ముందే చెప్పింది. నేను కుళ్ళు అనుకున్యా," అంది.

"నువ్వు పూసలో విన్నావు. నేను మా అమ్మ మాట మా అమ్మ భాషలోనే విన్నా," అన్నాడు అతను.

పూస పెట్టించలేదు.

ఆ తరువాతి రోజులు ఆ ఇంట్లో ఎవరూ తలుచుకోవడానికి ఇష్టపడరు. మేలి ముందు వాళ్ళిద్దరూ పూసలు తీసేసేవారు. అప్పుడు మొగుడికీ పెళ్ళానికీ మధ్య కూడా మాట ఉండేది కాదు. గిన్నె చూపించి "గిన్నె" అనేది హర్షిత, "వాన్" అనేవాడు జిహావ్. మేలి మొదట్లో తన మాటే చెప్పేది, గట్టిగా, కోపంగా, వీళ్ళకు బుద్ధి లేదన్నట్టు. తరువాత గిన్నెలు విసిరేది. ఒకసారి తల్లి చెయ్యి కొరికింది. అటు తరువాత కొన్ని నెలలు అసలు నోరే తెరవలేదు. హర్షిత స్నానాల గదిలో కుళాయి విప్పుకుని ఏడ్చేది.

ఒకనాడు జడ వేస్తుంటే పిల్ల, "నొప్పి," అంది. దువ్వెన పట్టుకున్న హర్షిత చెయ్యి ఆగిపోయింది. కూతురి తల నిమిరి, "నొప్పా? మెల్లగా వేస్తాలే," అంది. "మెల్లగా," అంది మేలి. ఆ తరువాత మాటలు ఒక్కొక్కటే వచ్చాయి, తెలుగు ముందు, చైనీసు వెనక. జిహావ్‌కు కూడా కాస్త తెలుగు అబ్బింది. అతని అసలు తెలుగుకు ఏ యాసా లేదు. వచ్చీరాని ఆ మాటలు హర్షితకు పూసలోని మాటల కన్నా ముద్దొచ్చేవి.

ఏడాది దాటాక, ఒక సెలవు రోజు సాయంత్రం తల్లీ కూతుళ్ళు సముద్రం గట్టు మీద కూర్చున్నారు. బండి దగ్గర కొన్న కాల్చిన చిలగడదుంప తుంచి తింటున్నారు. ఓడలు వరసగా రేవులోకి వస్తున్నాయి. మేలి చాలాసేపటి నుంచి ఏదో అడగాలని, మాటలు కూడబలుక్కుంటోంది.

"అమ్మా, ఆ అమ్మ మళ్ళీ వస్తుందా?"

"ఏ అమ్మ?"

"ముందు అమ్మ." మేలి తన చెవి వెనక ఉన్న మచ్చను తాకి చూపింది. "ఇక్కడ మాట్లాడేది. కథలు చెప్పేది. నేను ఏం అన్నా ఆమెకు తెలిసేది."

హర్షిత ఆ మచ్చ మీద వేలు పెట్టింది. తను తెలుగులో చెప్పిన కథలే అవి. తను పాడిన జోలలే. అయినా వాటిని ఆ పిల్ల విన్నది తను ఎన్నడూ పలకని భాషలో.

"ఆ అమ్మను నేనే కదమ్మా."

మేలి ఆమె ముఖంలోకి పరీక్షగా చూసింది. కాదన్నట్టు తల ఊపబోయి, ఆగింది. అమ్మ కళ్ళలో నీళ్ళు చూసినట్టుంది. చేతిలో మిగిలిన దుంప ముక్కను ఆమె నోటికి అందించింది. తెలిసిన కాసిని మాటల్లోంచి వెతికి వెతికి, నొప్పి కలగకుండా చెప్పాలన్నట్టు, మెల్లగా అంది:

"నువ్వు కూడా మంచిదానివే."