కెజెక్ ఊట దగ్గర కాపలా వంతు

కెజెక్ ఊట దగ్గర పగలు ఎవరైనా ఆగుతారు. నీళ్ళు తాగుతారు, మొహం కడుక్కుంటారు, గుర్రానికింత తాపుతారు. పొద్దు వాలిందంటే మాత్రం... ముర్గాబ్ నుంచి అలిచూర్ దాకా ఈ కొండ ఎడారి ఊళ్ళలో ఎంత మొండివాడినైనా సరే అడిగి చూడండి, అక్కడ ఒక్క రాత్రి గుడారం వేస్తావా అని. మాట మారుస్తాడు.

చోటు చూస్తే బంగారం. చదునైన నేల, గాలికి అడ్డంగా వెనక కొండ, ముందు ఉప్పు చెరువు. అయినా యాభై ఏళ్ళుగా అక్కడ ఎవరూ పొయ్యి వెలిగించలేదు.

మా మాటలో కెజెక్ అంటే వంతు. వెనకట్లో తోడేళ్ళ భయానికి ఆడవాళ్ళు రాత్రంతా పాడుకుంటూ మంద చుట్టూ తిరిగేవాళ్ళు. ఒకామె వంతు అయ్యాక, రెండో ఆమె పడుకున్న చోటికి వచ్చి, గుడారం గోడ మీద కర్రతో మూడు సార్లు తట్టాలి. పేరు పెట్టి పిలవాలి. "లే... వంతు నీది" అనాలి. లోపలున్నామె "లేచాను, నువ్వు పడుకో" అనాలి. ఆ మాట వినపడ్డాకే కర్ర చేతులు మారేది. వినపడకపోతే తెల్లారినా సరే, మందని వదిలి పోకూడదు. అదీ కట్టుబాటు.

ఊల్కాన్ అని ఒక కోడలుండేది. ఒక చైత్రం రాత్రి మంచు తుపానులో ఆమె వంతు అయిపోయింది. తోడికోడలిని పిలిచింది. తోడికోడలికి ఒళ్ళు తెలియని జ్వరమట, లేవలేదు. తెల్లారి చూస్తే మందలో ఒక్క గొర్రె తగ్గలేదు. ఊల్కాన్ మాత్రం ఊట పక్కన కూర్చున్నది కూర్చున్నట్టే గడ్డకట్టుకుపోయి ఉంది. వేళ్ళు కర్రని పట్టుకున్నట్టే ముడుచుకుని ఉన్నాయి... కర్ర లేదు. ఊరంతా వెతికినా దొరకలేదు.

అప్పటి నుంచీ మొదలైంది. ఒకసారి లారీ చెడిపోయి ఒక డ్రైవరు అక్కడే పడుకున్నాడు. నడిరాత్రి తలుపు మీద మూడు దెబ్బలు. ఆడ గొంతు. ఏదో పేరు... "లే... వంతు నీది." వాడు లారీ అక్కడే వదిలేసి చెప్పుల్లేకుండా పదిహేను కిలోమీటర్లు నడిచొచ్చాడు. ఎవరి పేరు పిలిచిందిరా అంటే ఈ రోజుకీ చెప్పడు. సపర్‌బూ ఎదురుపడితే మాత్రం తల దించుకుని పక్కకి తప్పుకుంటాడు.

ఎందుకంటే, ఆ రాత్రి జ్వరంతో పడుకున్న తోడికోడలు సపర్‌బూనే. ఇప్పుడు ముసలిదైపోయింది. మైరమ్‌కి అత్తగారు.

ఇక మైరమ్ సంగతి. మొగుడు మాస్కోలో ఉంటాడు. పోయిన చలికాలం ఫోన్ చేశాడు, "నీకూ ఇక్కడ పని చూశాను, నేలలు తుడవడం. సెప్టెంబరుకి వచ్చెయ్. పిల్లని అమ్మ దగ్గర వదులు" అని. పిల్ల జాజ్‌గుల్‌కి ఆరేళ్ళు. ఆ మాట విన్న రోజే తల్లి పాస్‌పోర్ట్ తీసుకెళ్ళి పిండి బస్తాలో పాతిపెట్టింది. రొట్టె చేస్తుంటే చేతికి తగిలింది మైరమ్‌కి. దులిపి, చూసి, మళ్ళీ పిండిలోనే పెట్టేసింది. ఆ రాత్రే అనుకుంది, ఈ వేసవిలో ఏదో ఒకటి చేసి ఇక్కడే నిలబడాలని.

తమ్ముడు కుత్‌మాన్ జీపులో విదేశీయుల్ని తిప్పుతాడు. ఉపాయం వాడిదే. రెండు ఉన్ని గుడారాలు, మంచాలు, తెల్ల దుప్పట్లు, పొద్దున వేడినీళ్ళ బకెట్టు. ఫోన్లో పెడితే జనం వెతుక్కుంటూ వస్తారన్నాడు.

"సొంత ఇల్లు పెట్టుకుని గుడారంలో పడుకోవడానికి అంత దూరం నుంచి వస్తారట్రా?" అంది మైరమ్.

"వస్తారక్కా. కాకపోతే ఊరి పక్కన పెద్ద చెరువు దగ్గర వద్దు. అక్కడ ఇప్పటికే ఆరు విడుదులున్నాయి, రాత్రయితే జనరేటర్ల మోత. వీళ్ళకి చుట్టుపక్కల ఒక్క దీపం కూడా కనపడకూడదు."

"దీపాల్లేని చోటుకి మనకేం కొదవ?"

"నీళ్ళుండాలి. జీపు పోవాలి. గాలి కొట్టకూడదు."

ఇద్దరికీ ఒకే చోటు గుర్తొచ్చింది.

మూల కూర్చుని ఎండు పెరుగు ఉండలు చుడుతున్న సపర్‌బూ తల ఎత్తకుండానే అంది, "కెజెక్ ఊట దగ్గర వేయండి."

మైరమ్ చటుక్కున అటు తిరిగింది. "అక్కడా అత్తయ్యా?"

"ఏం, అక్కడి నీళ్ళు చేదా? నేనూ వస్తాను. నా పరుపు గోడవారగా వెయ్యి."

అదీ ముసలామె. యాభై ఏళ్ళుగా ఆ ఊట పేరెత్తితే లేచి వెళ్ళిపోయే మనిషి.

జులైలో మొదటి విడిదివాళ్ళు దిగారు. చెక్ దేశపు దంపతులు, ల్యుబోష్, అలెనా. అరవై దాటిన వాళ్ళు, బళ్ళో నేర్చుకున్న రష్యన్ ఇంకా మర్చిపోలేదు. జడలబర్రె మీగడ రొట్టెకి పట్టించి తిన్నారు. ఉప్పు టీ ఒక గుక్క తాగి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చీకటి పడ్డాక అలెనా మంచం మీద వెల్లకిలా పడుకుని, గుడారం నెత్తిన ఉన్న పొగగూడులోంచి పైకి చూసింది. అంతే, పసిపిల్ల అయిపోయింది.

"ఆ మూత వేయకండి. నక్షత్రాలు చూస్తూ పడుకుంటాం."

"మంచు పడితే?" అంది మైరమ్.

"జులైలోనా?"

"ఇక్కడ జులైకి సిగ్గులేదమ్మా. సరే, పడుకోండి. మంచు మొదలైతే నేనే వచ్చి మూత లాగుతాను. మీరు లేవనక్కర్లేదు."

మాట ఇచ్చేసింది. ఆ ఉన్ని మూతని బయట నుంచి తాడుతో లాగాలి, అదీ రెండు చేతులూ తల పైకెత్తి, బలం కొద్దీ. ఊళ్ళో ఉన్నప్పుడైతే అది పనే కాదు. ఇక్కడ, రాత్రి పూట, బయటికి... వస్తానని ఎందుకన్నానా అని తన గుడారంలోకి వెళ్ళేదాకా తనని తానే తిట్టుకుంది.

పడుకుంది గానీ కంటి మీద కునుకు లేదు. ఇటు జాజ్‌గుల్, అటు గోడవారగా అత్తగారు. పొయ్యిలో పిడకలు ఒక్కొక్కటే బూడిదవుతున్నాయి. మైరమ్ ఇటు దొర్లింది. అటు దొర్లింది. వీళ్ళు భయపడి పొద్దున్నే జీపెక్కితే? ఫోన్లో నాలుగు చెడ్డ మాటలు రాస్తే? ఇక ఎవరూ రారు. పిండి బస్తాలోంచి పాస్‌పోర్ట్ తీయాల్సిందే... లేచి కూర్చుంది. మళ్ళీ పడుకుంది.

గాలి ఆగిపోయింది. ఈ ఎడారిలో గాలి ఆగిందంటే మంచుకే.

అప్పుడు —

టక్.

మైరమ్ ఊపిరి బిగబట్టింది.

టక్... టక్.

గోడవారగా. అత్తగారి తల వైపు.

"సపర్‌బూ..."

అలసిపోయిన గొంతు. కోపం లేదు, ఏడుపు లేదు. పొద్దుటి నుంచీ నిలబడి పనిచేసిన మనిషి గొంతు.

"సపర్‌బూ... లే. వంతు నీది."

మైరమ్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. పిల్లని దగ్గరికి లాక్కుని దుప్పటి నెత్తి దాకా కప్పేసుకుంది.

ఆ చీకట్లో, చేతికందేంత దూరంలో, ముసలామె గొంతు సవరించుకున్న చప్పుడు.

"లేచాను అక్కా," అంది సపర్‌బూ. "నువ్వు పడుకో."

గొర్రెతోలు కోటు తొడుక్కుంటున్న సవ్వడి... బూట్లు... తలుపు గుడ్డ లేచింది, చల్లగాలి లోపలికొచ్చింది, మళ్ళీ పడింది. కాసేపటికి బయట పాట మొదలైంది. ముసలి గొంతు, బొంగురుగా, గుడారాల చుట్టూ తిరుగుతోంది. ఇటు దగ్గరయ్యేది... అటు దూరమయ్యేది...

ఒక చుట్టులో మైరమ్‌కి ఆ పాటలో రెండు గొంతులు వినిపించాయి.

దుప్పటి తీయలేదు. ఎప్పుడు నిద్ర పట్టిందో ఆమెకే తెలియదు.

కళ్ళు తెరిస్తే తెల్లగా వెలుతురు. బయట అంతా మంచు. జానెడు మంచు.

మూత.

మైరమ్ వట్టి కాళ్ళతోనే బయటికి పరిగెత్తింది. ఇచ్చిన మాట పోయింది. వాళ్ళు మంచులో తడిసి ఉంటారు, వణికి ఉంటారు, విడిది పని అయిపోయింది. నాలుగడుగులు వేసిందో లేదో ఊట పక్కన సపర్‌బూ కనపడింది. రాతికి ఆనుకుని, తల వాల్చేసి, భుజాల మీద మంచు.

మైరమ్ అటు పరిగెత్తింది. దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకుంది. వెచ్చగా ఉంది. ముసలామె గుర్రు పెడుతోంది. మైరమ్ కాపరానికొచ్చిన పదేళ్ళలో అత్తగారు నిద్రపోగా చూడటం అదే మొదటిసారి. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి పిచ్చిదానికి.

ఇంతలో విడిదివాళ్ళ తలుపు గుడ్డ తీసుకుని అలెనా బయటికొచ్చింది, మొహం నిండా నవ్వుతో.

"ఎంత హాయిగా నిద్రపట్టిందో. మీరు మూత లాగడం విన్నాను, సరిగ్గా నాలుగు రేకులు పడ్డాయో లేదో వచ్చేశారు. ఆ పాట కూడా... ఇద్దరు కదూ పాడింది?"

మైరమ్ పైకి చూసింది. మూత బిగుతుగా లాగి, తాడు కింద రాయికి కట్టి ఉంది.

"ఇంకో రెండు రాత్రులు ఉంటాం," అన్నాడు వెనకే వచ్చిన ల్యుబోష్. "మా స్నేహితులకి కూడా చెప్తాం. రాత్రంతా మనల్ని కాపలా కాసే విడిది ఎక్కడుంది?"

మైరమ్‌కి ఆ మాటకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. కానీ కళ్ళు ఆ తాడు మీదే ఉన్నాయి. సపర్‌బూ కుడి చెయ్యి భుజం దాటి లేవదు. గడ్డి బండి మీంచి పడి ఏడేళ్ళయింది.

పొయ్యి దగ్గర టీ పోస్తూ మెల్లగా అడిగింది. "అత్తయ్యా... వాళ్ళ మూత ఎవరు లాగారు?"

సపర్‌బూ గిన్నె రెండు చేతులతో పట్టుకుని ఆవిరి వైపు చూసింది.

"ఆ రాత్రి నాకు జ్వరం లేదే," అంది.

మైరమ్ టీ కుండ కింద పెట్టింది.

"మెలకువగానే ఉన్నా. మూడు సార్లు తట్టింది, విన్నా. దుప్పటి వెచ్చగా ఉంది... బయట తుపాను. ఇంకోసారి పిలిస్తే లేద్దాం అనుకున్నా. పిలిచింది. ఇంకొక్కసారి అనుకున్నా." ముసలామె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. "తర్వాత పిలవలేదు."

"రాత్రి మీకు... కనపడిందా?"

"నా పక్కనే నడిచింది."

"ఏమంది?"

"ఏమంటుంది? 'ఇంతసేపా' అంది." సపర్‌బూ టీ తాగి గిన్నె బోర్లించింది. "నా వంతు నేను కాశాను. ఇక రాదులే."

ఆ రోజంతా సపర్‌బూ పడుకునే ఉంది. సాయంత్రం లేచి రెండు రొట్టెలు తిని మళ్ళీ పడుకుంది. అలెనా మళ్ళీ మూత తీయించుకుంది, మైరమ్ మళ్ళీ మాట ఇచ్చింది. ఈసారి ధైర్యంగానే ఇచ్చింది. అంతా అయిపోయిందనుకుంది కదా. జాజ్‌గుల్ తల్లి మెడ చుట్టూ చెయ్యి వేసి, "నువ్వు రైలెక్కవు కదమ్మా?" అంది నిద్రమత్తులో. "ఎక్కను, పడుకో," అంది మైరమ్. ఎన్ని నెలలకో అబద్ధం కాకుండా ఆ మాట అనగలిగింది.

నిద్ర కూడా పట్టింది. ఎంతసేపో...

టక్.

కళ్ళు తెరుచుకున్నాయి. అత్తగారి గురక వినపడుతూనే ఉంది.

టక్... టక్.

గోడవారగా కాదు. ఇటు వైపు. తన తల దగ్గర.

"మైరమ్..."

అదే గొంతు. అదే అలసట.

"మైరమ్... లే. వంతు నీది."

దుప్పటి వెచ్చగా ఉంది. పిల్ల చెయ్యి మెడ మీద వెచ్చగా ఉంది. పలక్కపోతే పోతుంది కదా, అనిపించింది మైరమ్‌కి. ఇంకోసారి పిలిస్తే చూద్దాం అనిపించింది. అనిపించగానే ఒళ్ళు జలదరించింది, ఆ గొంతుకి కాదు, తన ఆలోచనకి. పక్క గుడారంలో ఇద్దరు ముసలివాళ్ళు ఆకాశం కింద మూత తీసుకుని, తన మాట నమ్మి నిద్రపోతున్నారు.

పిల్ల చెయ్యి మెల్లగా తీసి పక్కన పెట్టింది.

"లేచాను పెద్దత్తా," అంది. "నువ్వు పడుకో."

బయట ఏ అలికిడీ లేదు. బూట్లు తొడుక్కుని, తలుపు గుడ్డ ఎత్తి, బయటికొచ్చింది. నక్షత్రాలు, మంచు, చెరువు. మనిషి జాడ లేదు. గుమ్మం పక్కన గోడకి ఆనించి ఒక కర్ర ఉంది. పాత కర్ర, పట్టు దగ్గర నున్నగా అరిగింది.

మైరమ్ చెయ్యి చాచి అందుకుంది. కర్ర అంతా మంచులా చల్లగా ఉంది... పట్టుకునే చోట మాత్రం ఇంకా వెచ్చగా ఉంది.