సాక్షి ఎటు చూసింది

మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలు. పొద్దుటి నుంచి ఏకధాటిగా కురిసిన వాన అప్పుడే తెరిపి ఇచ్చింది. ఆడవాళ్ల సర్జికల్ వార్డు కిటికీ రెక్కల మీంచి నీళ్లు ఇంకా జారుతున్నాయి. స్పిరిటు వాసనా తడి బూట్ల వాసనా కలిసిపోయిన ఆ గదిలో, నర్సింగ్ మూడో సంవత్సరం విద్యార్థులు ఇద్దరు సింకు దగ్గర నిలబడ్డారు.

అతన్ని అందరూ నిచ్చెన అనేవారు. అటక మీది సెలైన్ పెట్టెలను స్టూలు ఎక్కకుండా దించగలడు. ఆమెను గడియారం అనేవారు. మొదటి ఏడాది అతను "రెండు నిమిషాలే లేటు మేడమ్" అని క్లాసులో అడుగుపెడితే, వెనక బెంచీ నుంచి "మూడు" అని సరిదిద్దిన పిల్ల. అప్పటి నుంచి ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

ఆ రోజుల్లో మార్ఫిన్ చిన్న గాజు ఆంప్యూల్లో వచ్చేది. రోగికి కావలసినంత ఇచ్చి, మిగిలినది రెండో మనిషి కళ్లెదుట పారబోయాలి. ఆ చూసిన మనిషి రిజిస్టరులో సాక్షి గడిలో సంతకం చేయాలి. మత్తుమందు కాబట్టి చుక్కచుక్కకూ జవాబుదారీ ఉండేది. ఇన్‌చార్జి సిస్టర్ దగ్గరుండి ఇంజెక్షన్ చేయించింది. అంతలో ఫోన్ రావడంతో, "మిగిలింది పారబోసి సంతకాలు పెట్టండి" అని చెప్పి వెళ్లింది.

నిచ్చెన సిరంజిని సింకులోకి ఒత్తి, కుళాయి తిప్పి, కట్టేసి, పెన్ను ఆమెకు అందించాడు.

ఆమె అందుకోలేదు.

"నేను చూడలేదు."

"పక్కనే ఉన్నావు కదా?"

"ఉన్నాను. చూడలేదు."

"అంటే, సగం మందు జేబులో వేసుకున్నాననా?"

"అలా అన్నానా? చూశానని రాయలేను, అంతే."

"నీ సంతకం లేకపోతే నన్ను ఇంటికి పంపేస్తారు. తెలుసుగా?"

తెలుసు. కిందటి ఏడాది ఇలాగే లెక్క తేలక ఒక సీనియర్ ట్రంకుపెట్టె మోసుకుంటూ హాస్టల్ మెట్లు దిగడం ఇద్దరూ చూశారు. ఒక్క గీత గీస్తే ఇతను గట్టెక్కుతాడు. కానీ ఆ గీత అబద్ధమైతే, ఇక ముందు తాను పెట్టే ఏ సంతకం మీదా తనకే నమ్మకం ఉండదు.

సిస్టర్ తిరిగి వచ్చింది. ఖాళీ గడిని చూసింది.

"ఏమైంది?"

"పారబోస్తున్నప్పుడు నేను చూడలేదు సిస్టర్. తప్పు నాది, అతనిది కాదు."

"మరి ఎటు చూస్తున్నావు?"

గడియారం ఆగిపోయింది. వానలో తడిసి వచ్చిన అతని జుట్టు నుంచి ఒక నీటిబొట్టు కణత మీదుగా దిగి, గడ్డం అంచున వేలాడుతూ ఎంతకీ పడలేదు. పడుతుందా పడదా అని ఆమె చూస్తూ ఉండిపోయింది. ఆ మాట ఎలా చెప్పాలి? చెప్పకపోతే అతనికి దిక్కెవరు?

"అతని మొహం వైపు సిస్టర్."

నిచ్చెన చేతిలోంచి పెన్ను జారిపడింది.

పక్క మంచం మీద కాలికి కట్టుతో పడుకున్న బట్టలు కుట్టే బామ్మ ఒకావిడ గొంతు సవరించుకుంది.

"నిజమేనమ్మా. అబ్బాయి పారబోయడం నేను చూశాను. ఈ పిల్ల చూడలేదు. ఇది ఎటు చూస్తోందో కూడా చూశాను."

సిస్టర్ నవ్వలేదు. జరిగింది జరిగినట్టు ప్రిన్సిపాల్‌కు చెప్పింది. ప్రిన్సిపాల్ బామ్మను స్వయంగా అడిగి తెలుసుకుంది. నిచ్చెన చదువు ఆగలేదు. ఆ నెలంతా ఇద్దరికీ మందుల బీరువా తాళాలు ఇవ్వకుండా, దుప్పట్లు మడతపెట్టే పని అప్పగించారు. శిక్షను జంటగా వేయడం సిస్టర్ చేసిన పొరపాటో, ముందుచూపో ఎవరూ అడగలేదు.

ఉతికిన బట్టల గదిలో, దుప్పటికి చెరో అంచూ పట్టుకుని, అతను అన్నాడు.

"ఆ రోజు నీ మీద మండిపడ్డాను."

"తెలుసు."

"తర్వాత ఆలోచించాను. చూడనిది చూశానని చెప్పని పిల్ల, ఎప్పుడైనా నేనంటే ఇష్టమని చెబితే, మళ్లీ అడిగి రూఢి చేసుకోనక్కర్లేదు కదా."

ఆమె అంచులు సరిచూసుకుంది.

"ఇప్పుడు ఎటు చూస్తున్నావు?" అన్నాడు.

"దుప్పటి వైపు. నువ్వు వంకరగా పట్టుకున్నావు."

"కాసేపు ఇటు చూడొచ్చుగా."

"మడత అయ్యాక." రెండడుగులు ముందుకు వచ్చి తన అంచును అతని చేతుల్లో పెట్టింది. అప్పుడు చూసింది. "ఇష్టమే," అంది.

అయిదేళ్ల తర్వాత రిజిస్ట్రారు ఆఫీసులో వాళ్ల పెళ్లికి సాక్షి సంతకం చేసింది ఆ ఇన్‌చార్జి సిస్టరే. ఇద్దరూ సంతకాలు చేసినంతసేపూ ఆమె వాళ్ల చేతుల మీంచి చూపు తిప్పలేదు.